కాలము కర్తయా?
తెలుగునాఁటి కఱవులు, ఉప్పెనలు, యుగక్షయవాదము

లోకము నానాఁటికిఁ జెడుచున్నదనుట మనదేశమునఁ దఱుచుగా వినవచ్చు మాట. కృతయుగమున ధర్మము నాలుగు పాదముల నడచెననియు, యుగమునకొక్క పాదము చొప్పునఁ దఱిగి కలియుగమున నొంటికాలిపై నిలిచినదనియుఁ బురాణములు చెప్పుచున్నవి. మనుస్మృతి మానవుల యాయువునకును నీ లెక్కనే పెట్టి, కృతయుగమున 400 ఏండ్లుగా నున్నది త్రేతాదులందుఁ బాదము చొప్పునఁ దగ్గునని వచించినది. దీనికెదురుగా, పాశ్చాత్యవిద్య వ్యాపించిన పిమ్మట, లోకము నానాఁటికి బాగుపడుచున్నదను వాదము బయలుదేఱినది. ఈ రెండు వాదములును బరస్పరవిరుద్ధములుగాఁ దోఁచును గాని రెండింటికిని మూలమొక్కటియే. రెండును గాలమునకుఁ గర్తృత్వము నారోపించుచున్నవి. ఆ యారోపము తగునా యని తెలుగునాఁటి చరిత్రమునుండి కొన్ని సాక్ష్యములతో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా శబ్దవిచారము చేయుదము. పాణినీయమున క్రియాసాధనమందు స్వతంత్రమైనది కర్త. ఆ క్రియకు నాధారమైనది యధికరణము. ‘వసంతమునఁ జెట్లు పూచును’ అనునపుడు వసంతము పూయదు, చెట్లు పూచును. కాలమిట్టిచోట్ల నధికరణమే. వాక్యపదీయమునఁ గాలసముద్దేశమందు భర్తృహరి కాలమును లోకయంత్రమునకు సూత్రధారునిగా వర్ణించెఁ గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని యాతఁడు కాలమునకుఁ జెప్పిన శక్తులు ప్రతిబంధము, అభ్యనుజ్ఞ యను రెండు; అనఁగా నడ్డుటయు, ననుమతించుటయు. అనుమతి దొరకినంతమాత్రమునఁ బని జరుగదు. చేయువాఁడు వేఱుగా నుండవలెను. తెలుగున ‘చెడు’ అకర్మకము, ‘చెఱచు’ సకర్మకము. ‘బాగుపడు’, ‘బాగుపఱచు’ అనునవియు నట్టివే. ‘కాలము చెడినది’ అను వాక్యమునఁ జెఱచినవాఁడు కానరాఁడు. ‘లోకము బాగుపడినది’ అనుచో బాగుపఱచినవాఁడును గానరాఁడు. మఱుఁగుపడిన యా కర్తను వెదకి చూపుట చరిత్రకారుని పని.

కఱవులకు మనవారు పెట్టిన పేరులే యిందుకుఁ దార్కాణము. క్రీ.శ. 1832-33 నాఁటిది నందన కఱవు. 1876-78 నాఁటిది ధాత కఱవు. సంవత్సరనామమును జేర్చి పిలుచుటచే నేరము సంవత్సరమునకు సంక్రమించినది. నందనమనఁగా నానందింపఁజేయునది, ధాత యనఁగా భరించి పోషించువాఁడు. పేరునకును బనికిని నింత విరోధమున్నచో, నా పేరుగల సంవత్సరము నిజమైన కర్త కాదేమో యని శాబ్దికునకు సందేహము పుట్టవలసియున్నది.

నందన కఱవునకు డొక్కల కఱవనియు వాడుక. గుంటూరు మండలమున దాదాపు 5 లక్షల జనములో 2 లక్షలవఱకు మడిసిరని నాఁటి గణనలు చెప్పుచున్నవి. గోదావరీమండలమున 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన జనసంఖ్య, కఱవులచేతను, 1839లోఁ గోరంగిని ముంచిన యుప్పెనచేతను, వలసలచేతను 1841 నాఁటికి 5 లక్షల 61 వేలకు దిగెను. ఈ యేండ్లన్నింటను గోదావరి పాఱుచునే యుండెను. చేలు ఎండుచుండఁగా నీరు సముద్రము పాలగుచుండెను. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున నానకట్ట పని నారంభించి 1852లో ముగించెను. బెజవాడకడఁ గృష్ణానదిపై నానకట్ట 1855 నాఁటికిఁ బూర్తియయ్యెను. నది యదే, వాన యదే, ఋతుక్రమమదే. క్రొత్తగా వచ్చినది కట్టడము. కాటన్ పేరు నిలిచినది. రాయి మోసిన వేలకొలఁది కూలివారి పేరులు నిలువలేదు. ఆ క్రియకు వారును గర్తలే.

ఇంతటితో లోకము బాగుపడినదని తలఁచువారికి ధాత కఱవు ప్రత్యుత్తరము. ధవళేశ్వరపు టానకట్ట ముగిసిన 24 ఏండ్లకే, 1876లో వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప మండలములు పాడువడినవి. కర్నూలు మండలమున 1871, 1881 జనగణనలనడుమ సుమారు నాలుగవవంతు జనము తగ్గెను. దక్షిణదేశమంతట మృతులు లక్షలకొలఁది. ఆనకట్టలక్రింది లంకభూములును, బల్లపునేలలును జాలవఱకుఁ దప్పించుకొన్నవి. ధూమశకటములమీఁద ధాన్యము రాకపోలేదు. కాని ధర మిన్నంటఁగాఁ గూలివానియొద్దఁ గొనుటకు రూక లేదు. వర్తకమునఁ బ్రభుత్వము చేయిపెట్టరాదను సిద్ధాంతమును బట్టి, దేశమునుండి ధాన్యము సీమ కెగుమతి యగుచునే యుండెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియాను జక్రవర్తినిగాఁ జాటు దర్బారు జరిగెను. ఆ యేఁడే రిచర్డ్ టెంపుల్ కఱవుపనులలోని పురుషునకు దినమునకు సుమారు 450 గ్రాముల ధాన్యమునకుఁ దగిన కూలియు, దానిపై నొక యణాయుఁ జాలునని నిర్ణయించెను. వాన తప్పుట ప్రకృతిపని. ఈ నిర్ణయము మనుష్యునిపని. వీనిలో దేనిని ధాత సంవత్సరమునకుఁ గట్టుదము?

ఆ కఱవునుండి పుట్టినది 1880 నాఁటి విచారణసంఘపు నివేదికయు, 1883 నాఁటి కఱవునిబంధనలును. నిబంధనలు వ్రాసియుండఁగానే 1943లో వంగదేశమున సుమారు 30 లక్షలమంది మరణించిరి. అక్కడ నా నిబంధనల నమలుపెట్టలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటఁ దెలుగునాఁట ననావృష్టులు పలుమాఱు వచ్చినను, నందన ధాతలవంటి మారణము మరల రాలేదు. చౌకధరల దుకాణము, కఱవుపని, వార్తాపత్రిక, యెన్నిక యనునవి ప్రజలకును బాలకులకును నడుమ నిలిచినవి.

ఉప్పెనల చరిత్రము దీనినే వేఱొకరీతిగాఁ జెప్పును. 1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమున సముద్రము పొంగి సుమారు 30 వేలమందిని బొట్టఁబెట్టుకొన్నది. 113 ఏండ్లు గడచినవి. తంతి వచ్చెను, రేడియో వచ్చెను, స్వరాజ్యము వచ్చెను. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమయందు సుమారు 10 వేలమంది మునిఁగిపోయిరి. కాలమే బాగుపఱచునదైనచో నా రాత్రి యట్లు గడవవలసినది కాదు. తరువాతి యేండ్లలోఁ దీరమునఁ దుపానుకేంద్రములు గట్టిరి. హెచ్చరికల పద్ధతిని సవరించిరి. 1990 మే నెలలో నదే కృష్ణాముఖమున నించుమించు నంతటి తుపాను దిగినపుడు లక్షకు మించిన జనమును ముందుగానే తరలించిరి. మృతులు వేయికి లోపైరి. గాలి తగ్గలేదు, సిద్ధపాటు పెరిగినది.

ఆయువుమాట యేమన, 1911-21 దశాబ్దమున భారతదేశమున సగటు ఆయువు సుమారు 20 ఏండ్లు. 1951 నాఁటికి 32. నేఁడు సుమారు 70. నాఁడు ముసలివారు లేరని దీని యర్థము కాదు. పుట్టినవారిలోఁ బెక్కురు శైశవముననే పోవుటచే సగటు దిగినదని యర్థము. ఆ దశాబ్దమున 1918 నాఁటి ఇన్‌ఫ్లుయెంజాయే కోటికి మించిన ప్రాణములు గొన్నది. మశూచి 1980లో లోకమునుండియే తొలఁగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. మనువు చెప్పిన క్షయక్రమమున కిది విపరీతము. అయినను మశూచి తనంత తాను పోలేదు; ఊరూరఁ దిరిగి టీకాలు వేసినవారు దానిని దఱిమిరి.

ఇంకొక ప్రక్కయుఁ గలదు. దానిని దాఁచుట న్యాయము కాదు. 1997-98లో వరంగల్లు ప్రాంతమునఁ బ్రత్తి వేసిన రైతులు పలువురు ఋణభారమునఁ బ్రాణములు తీసికొనిరి; తిండిగింజలు లేని కఱవు కాదది. అనంతపురము మొదలగు మెట్టసీమలలో నూతులెండి, గొట్టపుబావులు వందల యడుగులు దిగినవి. 2015 మే నెలలో నాంధ్ర, తెలంగాణ రాష్ట్రములందు వడదెబ్బచే వేయికి మించిన జనము చనిపోయిరి. భూమి వేఁడెక్కుటకు బొగ్గు, చమురుల పొగ ప్రధానకారణమని శాస్త్రజ్ఞులు నిర్ధరించియున్నారు. ఇక్కడను గర్త మనుష్యుఁడే. అట్లని యందఱును సమానకర్తలు కారు: ఎండలోఁ గూలిపనికిఁ బోవువాఁడు ఫలమును బొందునంతగా నా పొగను బుట్టింపలేదు.

కావున యుగములనుగూర్చి మన ప్రాచీనులు చెప్పిన మఱియొక మాటను స్మరింపవలసియున్నది. ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానమందుఁ బండుకొన్నవానిని గలిగాను, లేవఁబోవువానిని ద్వాపరముగాను, నిలుచున్నవానిని ద్రేతగాను, నడచువానిని గృతముగాను జెప్పిరి. యుగములచట మనుష్యుని యవస్థలు. భారతమున భీష్ముఁడు, కాలము రాజునకుఁ గారణమా, రాజు కాలమునకుఁ గారణమా యను సంశయము వలదనియు, రాజే కారణమనియు ధర్మరాజునకు బోధించెను. నేఁడు రాజులు లేరు. ఆ కర్తృత్వము మనలోఁ బంచఁబడినది. లోకము చెడుచున్నదా, బాగుపడుచున్నదా యని యడుగుట ప్రశ్నలో సగమే. ఎవరు చెఱచుచున్నారు, ఎవరు బాగుపఱచుచున్నారు, ఆ ఫలమెవరికిఁ జేరుచున్నది యని కూడ నడిగినపుడే వాక్యము పూర్తియగును. కర్తను జెప్పని వాక్యమునందు నేరస్థుఁడును, ఉపకారియు నొక్కటిగనే మఱుఁగుపడుదురు.