బ్లూ బోర్ ఇన్, లెస్టర్

ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని పాత నగరం లెస్టర్‌లో 1836 దాకా నిలిచి ఉన్న పెద్ద కలప కట్టడం బ్లూ బోర్ ఇన్. 15వ శతాబ్దం మధ్యలో బాటసారుల బస కోసం దీన్ని కట్టారు. అప్పుడది హై స్ట్రీట్‌లో ఉండేది. ఇప్పుడు ఆ వీధిని హైక్రాస్ స్ట్రీట్ అంటున్నారు, హై స్ట్రీట్ అన్న పేరు మరో వీధికి వెళ్లిపోయింది. 1485 ఆగస్టు 20న లెస్టర్‌కు వచ్చిన మూడో రిచర్డ్ రాజు ఇక్కడే దిగాడని, మర్నాడు సైన్యంతో బయల్దేరి 22న బాస్‌వర్త్ యుద్ధంలో ప్రాణాలు విడిచాడని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఈ ఇన్‌కు పేరు తెచ్చింది ఆ కథే. కానీ ఆధారాలను ఒక్కొక్కటిగా తూచి చూస్తే, రాజు బస కథ కన్నా ఆ ఇంటి సొంత చరిత్రే గట్టిగా నిలబడుతుంది.

పేరుతోనే చిక్కు మొదలవుతుంది. రిచర్డ్ చిహ్నం తెల్ల అడవిపంది. గెలిచిన హెన్రీ ట్యూడర్ సేనలో ముందు వరుసను నడిపిన ఆక్స్‌ఫర్డ్ ప్రభువు చిహ్నం నీలి అడవిపంది. రాజు ఓడగానే యజమాని భయపడి వైట్ బోర్ బోర్డుకు నీలి రంగు పూయించాడని కథ. వినడానికి ఇంపుగానే ఉంది, అసంభవమూ కాదు. అయితే లెస్టర్‌లో వైట్ బోర్ అనే ఇన్ ఉండేదని చెప్పే ఆనాటి పత్రం ఒక్కటీ కనబడదు. పైగా 1483 ఆగస్టులో రిచర్డ్ ఇదే ఊళ్లో కోటలో దిగి, అక్కడి నుంచే ఉత్తరం రాశాడు. రెండేళ్లకే కోటను కాదని ఇన్‌కు ఎందుకు వెళ్లాడు? కోట అప్పటికి పాడుబడిందని కొందరి జవాబు. అయి ఉండవచ్చు. అది ఊహే తప్ప రుజువు కాదు.

మంచం కథ ఇంకా బలహీనం. రాజు వదిలి వెళ్లిన మంచం ఇన్‌లోనే ఉండిపోయిందట. దాదాపు వందేళ్ల తర్వాత క్లార్క్ అనే యజమాని భార్య పక్క సర్దుతుంటే అందులోంచి ఒక బంగారు నాణెం రాలిపడిందట. విప్పి చూస్తే మంచానికి రెండు అడుగులు, వాటి మధ్య నిండా బంగారం! రోజర్ ట్విస్డెన్ దీన్ని రాసుకున్నది 1653లో, అదీ ఎవరో చెప్పగా విని. 1605లో ఈ ఇన్ నడిపే క్లార్క్ ఇంటి ఆడమనిషిని డబ్బు కోసం చంపిన మాట మాత్రం నిజం. ఆ కేసులో పనిమనిషి ఆలిస్ గ్రింబోల్డ్‌ను సజీవదహనం చేశారు, ఎడ్వర్డ్ బ్రాడ్‌షాను ఉరితీశారు. ఈ హత్యనే నిధికి సాక్ష్యంగా చూపేవారున్నారు. నాలుగు కాసులు చేతులు మారే ఇన్‌లో డబ్బు ఉండడానికి రాజుగారి బంగారం అక్కర్లేదు కదా. రిచర్డ్‌దని చెప్పే మంచం డోనింగ్‌టన్ లె హీత్‌లోని పాత ఇంట్లో ఉంది. దాని చెక్కడంలో చాలా భాగం అతని కాలానికి తర్వాతిదే.

జనం నోటి మాటను ఇంత తేలిగ్గా కొట్టిపారేయవచ్చా అని అడగడం న్యాయమే. 2012లో గ్రేఫ్రయర్స్ మఠం స్థలంలో, ఒక కారు పార్కింగు కింద రిచర్డ్ ఎముకలు దొరికాయి. పాత కథలన్నిటికీ అది బలమిచ్చిందని వాదించేవారున్నారు. నిజానికి ఆ తవ్వకం నిలబెట్టింది రాతలో ఉన్న సాక్ష్యాన్ని. రాజును మఠంలో పాతిపెట్టారని అతని కాలంవాడైన జాన్ రౌస్ రాశాడు. జనం చెప్పుకున్నది వేరు: ఎముకలను సోర్ నదిలో పారేశారని, శవపేటిక గుర్రాల నీళ్లతొట్టి అయిందని. 1856లో బో బ్రిడ్జి దగ్గర ఫలకం కూడా పెట్టారు. ఎముకలు మఠంలోనే ఉన్నాయి, గోతిలో శవపేటిక జాడే లేదు. నోటి మాట అబద్ధమే అవుతుందని కాదు. దానికి వేరే ఆధారం తోడు కావాలి, బస కథకు అది దొరకలేదు.

ఇంటి సంగతి అలా కాదు. కూల్చడానికి పదేళ్ల ముందు, 1826లో జాన్ ఫ్లవర్ దాని ముందుభాగాన్ని బొమ్మ గీశాడు. వీధి మీదికి పొడుచుకొచ్చిన పై అంతస్తు, కలప చట్రం అందులో కనిపిస్తాయి. లెస్టర్ వాస్తుశిల్పి హెన్రీ గొడార్డ్ అంతకు మించిన మేలు చేశాడు: కూల్చివేతకు ముందు దూలాలకూ స్తంభాలకూ కొలతలు తీసి నోటుపుస్తకంలో దించాడు. కుటుంబం దాచిన ఆ పుస్తకం ఆయన వారసుల ద్వారా ఈ శతాబ్దంలో పరిశోధకుల చేతికి వచ్చింది. దాని ఆధారంగానే లెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు నిపుణులు ఇన్ ఆకారాన్ని కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టారు. అసలు పరిమాణంలో పన్నెండో వంతు నమూనా కూడా తయారైంది. 15వ శతాబ్దపు వడ్రంగి ఏ కర్రను దేనికి ఎలా తొడిగాడో దాన్నిబట్టి చెప్పవచ్చు. రాజు ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదని రేపు తేలినా ఈ కొలతల విలువ రవ్వంత తగ్గదు. ఇన్ ఉన్న చోట ఇప్పుడు ట్రావెలాడ్జ్ హోటల్ నడుస్తోంది.