ఘనపదార్థాల తలతన్యత: పద్ధతిని బట్టి మారే అంచనా

ద్రవం తలతన్యతను నేరుగా కొలవవచ్చు. కేశనాళికలో అది ఎంత ఎత్తుకు ఎక్కిందో, సూదిమొనన వేలాడే బొట్టు ఏ ఆకారం తీసుకుందో చూస్తే చాలు. ఘనపదార్థానికి ఆ దారి మూసుకుపోయింది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాని అణువులు చోటు మారవు గనుక ఉపరితలం తనంతట తాను కుంచించుకోదు. కాబట్టి ఘనపదార్థానికి మనం చెప్పే విలువల్లో ఎక్కువ భాగం ఏదో ఒక ఊహ మీద నిలబడ్డ అంచనాలే. ఆ ఊహ ఏమిటో చెప్పని సంఖ్య అసంపూర్ణమన్నదే ఈ వ్యాసం వాదన.

ముందుగా ఒక భేదం. కొత్త ఉపరితలాన్ని ఏర్పరచడానికి పట్టే పని వేరు, ఉన్న ఉపరితలాన్ని సాగదీయడానికి పట్టే పని వేరు అని గిబ్స్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. 1950లో షటిల్‌వర్త్ ఈ రెంటి సంబంధాన్ని సమీకరణంగా రాశాడు. ద్రవంలో రెండూ సమానం, ఘనంలో సాధారణంగా కావు. కింద చర్చించే పద్ధతులు మొదటిదాన్ని, అంటే ఉపరితల శక్తిని, అంచనా వేస్తాయి; ఇకపై ఘన తలతన్యత అన్నా అదే.

లోహాల్లో నేరు కొలతకు బాగా దగ్గరగా వచ్చింది శూన్య క్రీప్ (మెల్లని సాగుదల సున్నా అయ్యే) పద్ధతి. 1949లో యుడిన్, షేలర్, వుల్ఫ్ దీన్ని రాగి మీద ప్రయోగించారు. సన్నని తీగలకు వేర్వేరు బరువులు కట్టి, ద్రవీభవన స్థానమైన 1085 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన వేడిలో ఉంచారు. ఆ వేడిలో పరమాణువులు మెల్లగా కదులుతాయి. బరువు తక్కువైతే తీగ పొట్టిదవుతుంది, ఎక్కువైతే సాగుతుంది. రెండూ జరగని బరువే తలతన్యతతో సరితూగే బరువు. సూత్రం ప్రకారం ఆ బలం పై, వ్యాసార్ధం, తలతన్యతల లబ్ధం. రాగికి మీటరుకు 1.65 న్యూటన్లు అనుకుంటే, 0.1 మిల్లీమీటరు వ్యాసమున్న తీగను నిలిపేది సుమారు 26 మిల్లీగ్రాములే! అయితే తీగలోని స్ఫటిక రేణువుల సరిహద్దులు వెదురు కణుపుల్లా అడ్డంగా ఏర్పడతాయి, వాటికీ శక్తి ఉంటుంది. ఆ సవరణ చేర్చకపోతే ఫలితం తక్కువగా వస్తుంది.

పెళుసు స్ఫటికాలను చీల్చి, అందుకు పట్టిన పనిని కొలుస్తారు. 1930లో ఒబ్రెయిమోవ్ అభ్రకాన్ని చీల్చినప్పుడు శూన్యంలో వచ్చిన విలువ గాలిలో వచ్చినదానికంటే ఎంతో ఎక్కువ. పరిసరాలు చెప్పకుండా విలువ చెప్పలేమనడానికి ఇదే సాక్ష్యం.

పాలిమర్లు క్రీప్ పద్ధతికి కావలసినంత వేడికి ఆగవు. అక్కడ ఆధారం స్పర్శకోణం, అంటే ఘనం మీద బొట్టు అంచు చేసే కోణం. 1805 నాటి యంగ్ సమీకరణంలో ద్రవ తలతన్యత, కోణం మనకు దొరుకుతాయి. ఘన తలతన్యత, ఘన-ద్రవ తలతన్యత రెండూ తెలియనివే. ఒక సమీకరణం, రెండు అజ్ఞాతాలు. జిస్‌మన్ అనేక ద్రవాల కోణాల కొసైన్ విలువలను ఆ ద్రవాల తలతన్యతకు ఎదురుగా గీసి, కొసైన్ 1 అయ్యే చోటికి గీతను పొడిగించి "సందిగ్ధ తలతన్యత"ను నిర్ణయించాడు. టెఫ్లాన్‌కు అది మీటరుకు సుమారు 18 మిల్లీన్యూటన్లు.

1969లో ఓవెన్స్, వెండ్ట్ తలతన్యతను ధ్రువ, అధ్రువ భాగాలుగా విడదీసి రెండు ద్రవాలతో లెక్క తేల్చారు. నేడు విరివిగా వాడేది ఇదే, జాగ్రత్త తప్పకూడనిదీ ఇక్కడే. ఒక పలక మీద నీటికి 80, డైఅయోడోమీథేన్‌కు 41 డిగ్రీల కోణం వచ్చిందనుకుందాం. నీటి 72.8 మిల్లీన్యూటన్లను అధ్రువం 21.8, ధ్రువం 51.0గా విడదీద్దాం. డైఅయోడోమీథేన్ 50.8 అంతా అధ్రువమేనంటే పలక విలువ 42.7 వస్తుంది. ఆ 50.8లో 2.3 ధ్రువభాగమని తీసుకుంటే పలక విలువ 39.7. కోణాలు అవే, పలక అదే, మూడు మిల్లీన్యూటన్ల తేడా మాత్రం మన ఊహది. రెండు దశాంశ స్థానాల వరకు ఫలితాలు ముద్రించడం ఈ కారణంగానే నాకు సమ్మతం కాదు.

దీనికి తోడు ముందుకు జరిగే బొట్టు కోణం, వెనక్కి జరిగే బొట్టు కోణం ఒకటి కావు. గరుకుతనం కోణాన్ని మారుస్తుందని వెంజెల్ 1936లోనే చూపాడు.

పరిశోధకులకు నా వినతి ఒక్కటే. ఘన తలతన్యత విలువతోపాటు వాడిన ద్రవాలు, వాటిని విడదీసిన భాగాలు, కోణం ముందుకు జరిగేదో వెనక్కి జరిగేదో, ఉష్ణోగ్రత, ఉపరితల గరుకుతనం తప్పక ప్రకటించండి. ఇవి లేని రెండు విలువలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టవద్దు.