రైతుకూ రాయితీకీ నడుమ

రైతు, రాయితీ అనే రెండు మాటలూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా మనకు చేరాయి. మందను కాయడం, బాగోగులు చూడడం ఆ ధాతువుకు మూలార్థం. ఏలికల పరిభాషలో రైతు కాపాడబడేవాడు. రాయితీ కాపాడేవాడు చూపే దయ. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ చుట్టరికం ఎప్పుడూ ఆసక్తికరమే. కాని భాషలో ఇంత దగ్గరివైన ఈ మాటలు చరిత్రలో అరుదుగా కలుసుకొన్నాయి. మాంద్యం వచ్చినప్పుడు పన్ను తగ్గిస్తే ఆ తగ్గింపు ఎవరి ఇంటికి చేరుతుంది? షాబాద్ ప్రాంతాన్ని ఎదుట పెట్టుకొని ఈ ప్రశ్నను పరిశీలిస్తాను. పాత శిస్తు చరిత్రా, కొత్త కంపెనీల చరిత్రా ఇక్కడ ఒకే నేల మీద కనిపిస్తాయి.

నిజాం కాలంలో షాబాద్, అత్రాఫ్ బల్దా జిల్లాలో ఒక తాలూకా. ఆ జిల్లా సర్ఫెఖాస్, అనగా నిజాం సొంత ఆస్తి. ఇక్కడి రాబడి దివానీకి కాక ప్రభువు సొంత ఖజానాకు పోయేది. 1949లో సర్ఫెఖాస్‌ను ప్రభుత్వంలో కలిపేవరకు ఇదే ఏర్పాటు. శిస్తు రొక్కంగా కట్టాలి. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యంలో పంటల ధరలు సుమారు సగానికి పడిపోయాయి. శిస్తు రేటు మాత్రం ధరతో బాటు దిగేది కాదు. నిన్న ఒక బస్తా అమ్మి కట్టిన శిస్తుకు నేడు రెండు బస్తాలు అమ్మాలి. దఫ్తరులో అంకె మారకుండానే రైతు మీద బరువు రెట్టింపయింది.

ఇటువంటప్పుడు మాఫీ కావాలని అడగడం న్యాయమే. కాని మాఫీ అంటే క్షమించడం. ఎవరిని క్షమించాలో రికార్డు చెప్పాలి. రికార్డులో ఉన్నది పట్టాదారు పేరు. అతని కింద దున్నే అసామీ షిక్మీ, అనగా కౌలుదారు, సర్కారుకు శిస్తు కట్టడు. పట్టాదారుకు కౌలు ఇస్తాడు. శిస్తులో రెండణాలు మాఫీ అయితే కౌలులో కూడా రెండణాలు తగ్గించాలని పట్టాదారును నిర్బంధించే చట్టం లేదు. కౌలుదారుకు కొంత రక్షణనిచ్చిన అసామీ షిక్మీ చట్టం 1945లో గాని రాలేదు. మరింత గట్టి కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. అప్పటికి ఆ మాంద్యం గతించి చాలా కాలమైంది. ఇక కూలివానికి శిస్తే లేదు గనుక మాఫీ కూడా లేదు. 2018లో మొదలైన రైతుబంధు పన్ను రాయితీ కాదు, సాయం. అదీ పట్టాదారు పేరు వెతుక్కొనే వెళ్లింది, కౌలుదారుకు అందలేదు.

ఇది ఒక్క నిజాం రాజ్యపు సంగతి కాదు. 1929 చివర అమెరికాలో హూవర్ ప్రభుత్వం ఆదాయపు పన్ను రేటును ఒక శాతం మేర తగ్గించింది. నాటి అమెరికన్లలో అత్యధికులు ఆదాయపు పన్ను కట్టేవారే కాదు. మాంద్యమూ ఆగలేదు. బ్రిటిషిండియాలో 1931లో ఖజానా లోటు పూడ్చడానికి ఆదాయపు పన్ను మీదా, ఉప్పు సుంకం మీదా 25 శాతం సర్‌చార్జి వేశారు. ఆదాయపు పన్ను కట్టే ఇళ్లు కొన్నే. ఉప్పు తినని ఇల్లు లేదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2019 ఏప్రిల్-జూన్ మధ్య దేశ ఆర్థికాభివృద్ధి 5 శాతానికి దిగినట్లు లెక్కలు వచ్చాయి. బిస్కెట్ల నుంచి మోటారు బండ్ల వరకు కొనేవాళ్లు తగ్గారు. సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్సు ద్వారా కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. ఖజానా వదులుకొన్నది ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజే బొంబాయి షేర్ల సూచీ 1,921 పాయింట్లు ఎగిసింది. కంపెనీ పన్ను వసూలు 2018-19లో 6.63 లక్షల కోట్లుండగా 2019-20లో 5.57 లక్షల కోట్లకు పడింది. ఈ పన్ను రాష్ట్రాలతో పంచుకోవలసినది. నాటి వాటా 42 శాతం. కనుక నష్టంలో తెలంగాణకూ భాగం దక్కింది.

మరుసటి ఏడు కరోనా వచ్చింది. 2020 మార్చిలో లీటరు డీజిల్ మీద 3 రూపాయలు, మేలో 13 రూపాయలు ఎక్సైజ్ పెంచారు. ఆ పెంపు సెస్సు రూపంలోనూ, ప్రత్యేక సుంకం రూపంలోనూ వేసినందువల్ల రాష్ట్రాలకు అందులో వాటా లేదు. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ పల్లెల్లో పొలం దున్నే ట్రాక్టరుకూ, కూరగాయలు పట్నం చేర్చే ఆటోకూ డీజిలే ఆధారం. పెంచిన ఆ 16 రూపాయలు పూర్తిగా తగ్గడానికి 2022 మే దాకా పట్టింది. కంపెనీలకిచ్చిన 22 శాతం రేటుకు అటువంటి గడువేమీ లేదు.

కంపెనీ దగ్గర డబ్బు మిగిలితే ఫ్యాక్టరీ పెడుతుంది, పని దొరుకుతుంది అని ఒక వాదం ఉంది. తోసివేయదగింది కాదది. షాబాద్ మండలంలోని చందనవెల్లిలో పారిశ్రామికవాడ వెలిసింది; పని దొరికినవారూ ఉన్నారు. కాని ఫ్యాక్టరీ పెట్టేవాడు భూమి, కరెంటు, రోడ్డు, పక్కనే ఉన్న నగరం చూస్తాడు. అన్నిటికన్న ముందు సరుకు కొనేవాడున్నాడా అని చూస్తాడు. మాంద్యంలో కరువైంది ఆ కొనేవాడే. మిగిలిన డబ్బు ఏమైందో రిజర్వు బ్యాంకు తన 2019-20 వార్షిక నివేదికలో చెప్పింది: కంపెనీలు దానిని ప్రధానంగా అప్పులు తీర్చుకోవడానికీ, నగదు నిలువలు పెంచుకోవడానికీ వాడుకొన్నాయి, కొత్త పెట్టుబడి ఊపందుకోలేదు.

పన్ను తగ్గింపు తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. డీజిల్ మీద తగ్గిస్తే ట్రాక్టరు కిరాయి కట్టే కౌలుదారుకు ఎంతో కొంత చేరవచ్చు. కనుక రాయితీ ప్రకటించిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేయాలి. రికార్డులో ఎవరి పేరుంది? బరువు నిజంగా మోస్తున్నది ఎవరు? వదిలేసిన సొమ్మును తిరిగి ఎవరి దగ్గర రాబడతారు? మొదటి రెండింటికీ ఒకే జవాబు వస్తేనే రాయితీ రైతును చేరినట్లు. మూడవదానికీ అదే జవాబు వస్తే, ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకొన్నట్లే.