మారే మీటల కథ: టచ్ ఫోన్ పుట్టుపూర్వోత్తరాలు

నిజామాబాద్ పట్టణం నుంచి బోధన్ మీదుగా మహారాష్ట్ర సరిహద్దు దాకా సాగే చెరకు, పసుపు పొలాల సీమలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ నిత్యవ్యవహార భాషలే కనుక, అక్కడివారి చేతికి ఏ రాత పరికరం వచ్చినా అది మూడు లిపులకు చోటివ్వగలదా అన్న ప్రశ్న దానివెంటే వస్తుంది. టైపురైటరుకు గాని, మీటల ఫోనుకు గాని ఆ శక్తి లేదు. మీట మీద ఒకసారి ముద్రించిన అక్షరం ఇక మారదు. పదిహేను ఇరవై వేల రూపాయలకు దొరికే మధ్యశ్రేణి టచ్ ఫోన్ సుగుణాలలో కెమెరానూ బ్యాటరీనీ ముందు చెప్పడం దుకాణాల ఆనవాయితీ అయినా, ఈ సీమకు సంబంధించినంతవరకు దాని అసలు గొప్పతనం తుడిచి రాసుకునే పలకలాగా ఖాళీగా ఉండటంలోనే ఉంది.

ఆ పలక ఫోన్ కోసం పుట్టింది కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్, విమానాల రాకపోకలను నియంత్రించే సిబ్బందికి ఉపకరించేలా, వేలితో తాకితే స్పందించే తెరను వివరిస్తూ 1965లో ఒక వ్యాసం ప్రచురించాడు. 1970ల తొలి సంవత్సరాలలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో కొత్త కణత్వరణ యంత్రానికి నియంత్రణ గదిని రూపొందించవలసి వచ్చినప్పుడు, అన్ని పనులకూ విడివిడిగా స్విచ్చులు పెట్టుకుంటూ పోతే గోడలు చాలవని గ్రహించిన ఫ్రాంక్ బెక్, బెంట్ స్టుంపె అనే ఇంజనీర్లు, పనిని బట్టి పేర్లు మార్చుకునే మీటలను పారదర్శకమైన తెర మీద ఏర్పాటు చేశారు. మీటల పేర్లు మార్చగలగడమే అక్కడ ప్రయోజనమన్నది గమనించదగ్గ విషయం. మూడు లిపుల బోధన్‌కు కావలసినదీ సరిగ్గా అదే.

ఈ తెరలు ప్రధానంగా రెండు విధాలు. ఒకటి రెసిస్టివ్ తెర: దీనిలో సన్నని ఎడంతో ఉన్న రెండు పొరలు ఒత్తిడికి ఒకదానికొకటి తగిలి స్థానం తెలుపుతాయి గనుక గోటితోనో పుల్లతోనో గట్టిగా నొక్కాలి. రెండవది కెపాసిటివ్ తెర: ఇండియం టిన్ ఆక్సైడ్ అనే, వెలుతురును ఆపకుండా విద్యుత్తును ప్రసరింపజేసే పూతను గాజుకు అద్ది, దానిలో సన్నని గళ్లుగా విద్యుదావేశాన్ని నిలుపుతారు, మనిషి శరీరం కూడా విద్యుద్వాహకమే కావడంతో వేలు ఆనగానే అక్కడి ఆవేశం కొద్దిగా మారి, ఆ మార్పు ఏ గడిలో జరిగిందో చిప్ లెక్కకడుతుంది. 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐబీఎం సైమన్‌ను తొలి టచ్ ఫోన్‌గా చెప్పుకుంటారు. అది దాదాపు అరకిలో బరువుండి, గంటసేపటి మాటలకే బ్యాటరీ అయిపోయేది. 2007లో వచ్చిన ఐఫోన్ కెపాసిటివ్ తెరను సామాన్య వ్యవహారంలోకి తెచ్చింది, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ దారి పట్టాయి.

ఇక మన సీమ సంగతికి వస్తే, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడి, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసిన నాటి నుంచి పలు భాషలవారు కలిసి బతికిన ఈ ప్రాంతం, దేశంలో 1995 జులై 31న తొలి మొబైల్ కాల్ జరిగిన తరువాత కూడా చాలాకాలం ఎస్టీడీ బూత్‌ల మీదే ఆధారపడింది. ఆ తరువాత వచ్చిన మీటల ఫోన్లలో పన్నెండు మీటలే ఉండగా, అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ వాటిలో ఇమడవలసి రావడంతో, చదువుకున్నవారు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాయడం అలవాటు చేసుకున్నారు, ఇంగ్లీషు రానివారు రాయడమే మానుకున్నారు. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే ఉమ్మడి ప్రమాణంలో, స్థానం దక్కినా ఆ ఫలం సామాన్యుడి వేలికి అందడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

అందడానికి ధర తగ్గడం ప్రధాన కారణం. 2014 ఫిబ్రవరిలో మోటో జీ 12,499 రూపాయలకు, అదే ఏడాది జులైలో షియోమీ ఎంఐ 3 13,999 రూపాయలకు మన దేశంలో విడుదలై, అంతకు రెండింతల ధర పలికే ఫోన్ల పనితనాన్ని మధ్యతరగతికి దగ్గర చేశాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా కూడా చవకైంది. లిపి విషయంలో మాత్రం ఖరీదైన ఫోన్లకూ చిక్కులు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక రూపంలో తెర మీదికి రాగానే ఐఫోన్ యాప్‌లు కూలిపోగా, ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే సాఫ్ట్‌వేర్ సవరణతో దాన్ని సరిచేయవలసి వచ్చింది. కోట్లమంది మాట్లాడే భాష లిపిని చివరి పరీక్షగా మిగల్చకూడదని ఆ ఉదంతం చెప్పకనే చెప్పింది. అంతకు ముందే, 2017 ఆగస్టులో గూగుల్ తన మాట-రాత సదుపాయానికి తెలుగు, ఉర్దూ, మరాఠీలను ఒకేసారి చేర్చడం బోధన్ వంటి ఊళ్లకు నిస్సందేహంగా పెద్ద మేలు: కూడబలుక్కుని టైపు చేయలేనివారు మాట్లాడి రాయించుకోగలుగుతున్నారు.

ఇక నిత్యోపయోగం సంగతికి వస్తే, పసుపు వ్యాపారాన్ని మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌లో తొలి విడతగా చేరిన యార్డులలో నిజామాబాద్ కూడా ఉంది. కొమ్ముకు ఒక ధర, మండకు మరొక ధర పలికే సరుకు కాబట్టి, కుప్ప ఫొటో పంపి, మహారాష్ట్రలోని సాంగ్లీ పసుపు మార్కెట్ ధర కూడా కనుక్కున్నాకే రైతు బస్తాలు ఎక్కించవచ్చు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు దూరపు మిల్లులకు తరలించవలసి రావడంతో, లారీ ఎక్కడి దాకా వచ్చిందో లొకేషన్ పంపించుకోవడం కూడా రైతుకు అవసరమైంది. గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో రెండు సిమ్‌లు పట్టే వసతి, రాత్రి వీడియో కాల్‌కు చాలినంత 5000 ఎంఏహెచ్ బ్యాటరీ విలాసాలు కావు, కుటుంబం కలిసి ఉండటానికి ఆధారాలు.

ఈ ఫోన్‌కు తీరని లోపం మాత్రం కష్టజీవుల వేళ్ల దగ్గరే బయటపడుతుంది. బీడీలు చుట్టి, చెరకు నరికి అరిగిన వేలిముద్రలను సెన్సార్ తరచు గుర్తించదు. గాజు మీది తడి విద్యుదావేశాన్ని తికమక పెట్టడంతో చెమట చేతికి తెర మొరాయిస్తుంది. తొలినాటి చవక ఫోన్లలో టచ్ గాజు, డిస్‌ప్లే విడివిడిగా ఉండి గాజు ఒక్కటే మార్చుకోవడానికి వీలుండేది. ఇప్పుడు రెంటినీ అతికించి తయారు చేస్తున్నందున, పగిలిన ఫోన్‌ను రిపేరు దుకాణానికి తీసుకుపోతే ‘కాంబో’ మొత్తం వేయాలంటారు, ఆ ఖర్చు కూలీకి చాలా రోజుల సంపాదన.