రోమ్ టూర్: ఆ మెట్లపై కూర్చుంటే జేబుకు చిల్లే!

రోమ్ టూర్ ప్లాన్ చేస్తున్నారా? అక్కడ ఎక్కడ పడితే అక్కడ కూర్చోవద్దు. ఫేమస్ స్పానిష్ స్టెప్స్ ఎక్కొచ్చు, ఫొటోలు దిగొచ్చు. కూర్చుంటే మాత్రం 400 యూరోల వరకు ఫైన్ పడొచ్చు. 2019 నుంచి ఈ రూల్ అమల్లో ఉంది. ట్రెవీ ఫౌంటెన్‌లో దిగినా ఫైనే.

మరి నడిచి నడిచి అలసిపోతే? దగ్గర్లోని విల్లా బోర్గీసే పార్కుకు వెళ్లండి. ఎంట్రీ ఫ్రీ. చెట్ల నీడన హాయిగా సేద తీరొచ్చు. పక్కనే ఉన్న పిన్చో టెర్రస్ నుంచి సూర్యాస్తమయం మిస్సవ్వొద్దు.

నీళ్లు కొనక్కర్లేదు. వీధుల్లోని 'నాసోనీ' కుళాయిల్లో మంచినీళ్లు ఫ్రీ. కుళాయి మూతిని వేలితో మూస్తే, పైనున్న రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయి. వెంట ఖాళీ బాటిల్ ఉంటే చాలు.