యానాము విద్యాస్థితి: పుదుచ్చేరి రాష్ట్రముతో ఒక పోలిక

ఒక జిల్లా విద్యలో ముందున్నదో వెనుకబడినదో తెలిసికొనగోరువారు సామాన్యముగా ఆ జిల్లా అక్షరాస్యతాశాతమును రాష్ట్రపు శాతము ప్రక్కన నిలిపి చూతురు. ఎక్కువైనచో సంతోషింతురు, తక్కువైనచో పాఠశాలలను నిందింతురు. ఈ పద్ధతి సులభమైనదే. కాని భాషచేతను, దూరముచేతను రాష్ట్రమునుండి వేరుపడియున్న జిల్లా విషయమున ఇది ఎంతవరకు న్యాయమో విచారింపవలసియున్నది. అట్టి విచారణకు యానామును మించిన ఉదాహరణము లేదు. చట్టరీత్యా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైనను, ఈ వ్యాసమున సౌలభ్యముకొరకు దానిని రాష్ట్రమనియే వ్యవహరించుచున్నాను.

గౌతమీ గోదావరినుండి కోరంగిపాయ చీలుచోట వెలసిన యానాములో 1723లో ఫ్రెంచివారు వర్తకస్థానము నేర్పరచిరి. నడుమనడుమ ఆంగ్లేయులు ఆక్రమించుకొనిన కాలములు మినహా, 1954 వరకు అచట ఫ్రెంచి పాలనయే సాగినది. ఆ యేడు నవంబరు 1వ తేదీన పాలనాధికారము భారత ప్రభుత్వమునకు సంక్రమించినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న పూర్తియైనది. కాకినాడ సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. పుదుచ్చేరికి పోవలెనన్న 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను.

ఈ చరిత్ర యానాము చదువులపై రెండు విధములుగా ముద్ర వేసినది. మొదటిది భాషాద్వైధము. కచేరీలో ఫ్రెంచి, ఇంటను అంగడిలోను తెలుగు. ఇట్టి ఊరిలో తెలుగు పాండిత్యమునకు లోపము రాలేదు. తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములో పెరిగినవారే. రెండవది అంత శ్లాఘ్యమైనది కాదు. 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన శారదాచట్టము ఫ్రెంచి భూభాగమున చెల్లదు. అందుచేత పొరుగు జిల్లాలవారు బాల్యవివాహములకై యానామునకు తరలివచ్చిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. అట్టి పెండ్లిపందిరిలో కూర్చున్న బాలికకు బడి ఎంతదూరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అంకెలు. 2011 జనగణనమున యానాము అక్షరాస్యత 79.47 శాతము. రాష్ట్రమునది 85.85. పుదుచ్చేరి జిల్లాకు 85.44, కారైకాలునకు 87.05, మాహేకు 97.87 వచ్చినవి. నాలుగు జిల్లాలలో యానాము కడపటిది. ఇంతమాత్రమే చూచినవారు యానాము వెనుకబడినదని తీర్పు చెప్పుదురు.

అదే జనగణనమున యానామును చుట్టియున్న నాటి తూర్పుగోదావరి జిల్లా అక్షరాస్యత సుమారు 71 శాతము. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నది 67.02. ఒకే నదీతీరమున, ఒకే భాష మాటలాడు జనులలో యానాము ఎనిమిది పాళ్లకు పైగా ముందున్నది. తమిళ పట్టణము ప్రక్కన నిలిపినపుడు వెనుకబడిన ఊరు, గోదావరి గ్రామములప్రక్కన నిలిపినపుడు ముందున్నది. రెండును సత్యములే. పోలిక ఎవరితో అను ప్రశ్న తేల్చుకొనక తీర్పు చెప్పరాదు.

మూడవ పోలిక యానామునకు దాని నిన్నటితోనే. 2001లో యానాము అక్షరాస్యత సుమారు 74 శాతము, రాష్ట్రమునది 81.24. పదియేండ్లలో రాష్ట్రము నాలుగున్నర పాళ్లకు పైగా పెరుగగా యానాము అయిదున్నర పాళ్లకు పైగా పెరిగినది. ఇదే కాలమున యానాము జనసంఖ్య 31,394 నుండి 55,626కు, అనగా నూటికి 77 వంతున హెచ్చినది. ఇంతటి వృద్ధి పుట్టుకలచేత మాత్రమే కలుగునది కాదు. వలసవచ్చిన కుటుంబము లనేకములు. క్రొత్తగా వచ్చిన పిల్లలను చేర్చుకొనుచునే రాష్ట్రముతోడి అంతరమును తగ్గించుట చిన్న పని కాదు.

రాష్ట్రపు సగటు ఎట్లు ఏర్పడునో కూడ గమనింపవలెను. 2011లో రాష్ట్ర జనసంఖ్య 12,47,953. అందులో పుదుచ్చేరి జిల్లా వాటా 9,50,289. నూటికి 76 వంతులు. యానాము వాటా నాలుగున్నర వంతులు మాత్రమే. కావున రాష్ట్రపు సగటనగా ముఖ్యముగా పుదుచ్చేరి జిల్లా సగటే. యానాములో ఏడేండ్లు నిండిన ప్రతి మనిషియు అక్షరాస్యుడైనను రాష్ట్రపు శాతము ఒక పాలైనను పెరుగదు; అచటి పాఠశాలలు క్షీణించినను అంతగా తగ్గదు. రాష్ట్రపు లెక్కలో యానాము మేలును కానరాదు, కీడును కానరాదు. మన ఆందోళనకు ముఖ్యకారణ మిదియే.

పరీక్షాఫలితముల పోలికకు చిరకాలము ఇంకొక చిక్కుండెడిది. పుదుచ్చేరి, కారైకాలు పాఠశాలలు తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహే కేరళ ప్రణాళికను, యానాము ఆంధ్ర ప్రణాళికను అనుసరించెడివి. ఒక్క రాష్ట్రపు పిల్లలు మూడు మండలుల పరీక్షలు వ్రాయుచుండగా, ఉత్తీర్ణతాశాతములను ఒకే పట్టికలో పేర్చుట వేర్వేరు కుంచములతో కొలిచిన ధాన్యమును కూడుటవంటిది. 2023–24 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు దశలవారీగా కేంద్ర మాధ్యమిక విద్యామండలి క్రిందికి వచ్చినవి. 2025లో పదవ, పండ్రెండవ తరగతుల విద్యార్థులు ఆ మండలి పరీక్షలు వ్రాసిరి. నాలుగు జిల్లాలకు ఒకే కుంచము లభించినది. ఇది లాభమే.

కాని ఈ మార్పులో తెలుగుపాలిటి ప్రశ్న యొకటి దాగియున్నది. ఆంధ్ర పదవ తరగతి పరీక్షలో తెలుగు ప్రథమభాష. కేంద్రమండలి నియమమున విద్యార్థి రెండు భాషలు చదువవలెను. వానిలో హిందీయో ఆంగ్లమో ఒకటి ఉండవలెను. తెలుగు ఆ మండలి పాఠ్యభాషల పట్టికలో నున్నది గాని తప్పనిసరి కాదు. ఇకపై ఉన్నత పాఠశాలలో తెలుగు నిలుచుట ఉపాధ్యాయుని పదవి భర్తీయగుటపైనను, కాలపట్టికలో చోటు దొరకుటపైనను, తల్లిదండ్రుల కోరికపైనను ఆధారపడును.

రాజ్యాంగరక్షణ ఎంతవరకు? 1956లో ఏడవ సవరణచే చేర్చబడిన 350-ఎ అధికరణము మాతృభాషాబోధనకు వసతులు కల్పించు విషయము చెప్పుచున్నది గాని అది ప్రాథమికదశకు మాత్రమే. 1965 నాటి రాజభాషాచట్టము తమిళమును రాష్ట్రభాషగా నిర్ణయించి, యానాములో తెలుగు వాడుకకు అవకాశ మొసగినది. 2002లో టి.ఎం.ఎ. పై ఫౌండేషన్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము అల్పసంఖ్యాకతను రాష్ట్రమును ప్రమాణముగా గొని నిర్ణయింపవలెనని తీర్పు చెప్పినది. తన ఊరిలో అధికసంఖ్యాకుడైన యానాము తెలుగువాడు రాష్ట్రమున అల్పసంఖ్యాకుడు. విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను ముప్పదవ అధికరణపు హక్కు అతనికి ఈ దారిని లభించుచున్నది. దానిని వినియోగించుకొన్నవారికే ఫలము.

ఈ విషయము యానామునకే పరిమితము కాదు. హోసూరు, కోలారు, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము మున్నగు చోట్ల తరతరములుగా నున్న మనవారి పిల్లలును రాష్ట్రపు సగటులలో కలిసి కనుమరుగగుచున్నారు. తెలుగు తరగతి యొకటి మూతపడినపుడు జిల్లా శాతము మారదు. పట్టికలో ఏ గడియు ఖాళీగా కనుపింపదు. అల్పసంఖ్యాకభాషా పాఠశాలలో తెలుగు చెప్పు మావంటివారికి ఇది నిత్యానుభవము.

కాన తెలుగు సంఘముల కొక మనవి. రాష్ట్రపు శాతమునే ప్రమాణముగా గొని గర్వింపవలదు, క్రుంగవలదు. ప్రతి తెలుగు ప్రాంతమునకును వేరుగా ఒక పట్టిక నుంచుడు. ప్రథమ తరగతిలో చేరినవారెందరు, పదవ తరగతివరకు నిలిచినవారెందరు, వారిలో తెలుగు చదివినవారెందరు, తెలుగు ఉపాధ్యాయ పదవులెన్ని, వానిలో ఖాళీలెన్ని అను అయిదు ప్రశ్నలకు ఏటేట సమాధానము వ్రాసికొనుడు. బాలికల లెక్కను ప్రత్యేకముగా చూపుడు; కల్యాణపురమను పాతపేరు పూర్తిగా మాసినదో లేదో ఆ లెక్కయే చెప్పును. పాఠశాల రిజిస్టర్ల నుండి ఈ వివరములు సేకరించుట ఒక్కొక్క ఊరికి ఇద్దరు ముగ్గురు కార్యకర్తలకు సాధ్యమైన పని. అధికారుల ఎదుట పిల్లల సంఖ్యను చూపి అడిగిన కోరికకు త్రోసివేయరాని బలముండును.