మిషన్ మోగితే బంగారమేనా?

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, గోల్డ్ డిటెక్టర్ కిరాయికి దొరుకుతదట, మా చెల్కల చూపిద్దామా?" అని అడిగిండు. ఆయనకు చెప్పిన ముచ్చటే అందరికీ రాస్తున్న. కొంచెం పెద్దగ ఉంటది, ఓపికతో చదువుండ్రి.

మా బోరంచ మంజీర ఒడ్డున ఉంటది. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలనే ఉండె. బహమనీలు, బరీద్ షాహీలు, మొగలులు, నిజాం, ఎందరో ఏలిన నేల. బ్యాంకులు లేని కాలంల సొమ్ము దాచుకోవాలంటే భూమే పెట్టె. అందుకే లంకెబిందెల కథ లేని ఊరు మా దిక్కు లేదు.

రెండేండ్ల కింద మా బామ్మర్ది చెల్కకు ఒకాయన మిషన్ పట్టుకొని వచ్చిండు. నలభై వేలు ముందే తీసుకున్నడు. తుమ్మచెట్టు కాడ మిషన్ మోగింది. "చూడు బావా, ఇది బంగారం నంబరే" అని నాకే తెర చూపించిండు. మోకాటి లోతు తవ్వితే పురుగుమందు డబ్బా మూత కింద ఉండే అల్యూమినియం రేకు వెళ్లింది. "అసలుది ఇంకా కిందికి ఉంది, శాంతి చెయ్యాలె, ఇంకో ఇరవై వేలు కావాలె" అన్నడు. అప్పటికే మా చెల్లె కమ్మలు కుదువల ఉన్నయి. ఉన్న బంగారం కుదువపెట్టి లేని బంగారం వెతుకుతున్నమన్నమాట.

అప్పుడు నేను ఒక పని చేసిన. నా వేలి ఉంగరం తీసి నేల మీద పెట్టి మిషన్ తిప్పమన్న. తర్వాత బీపీ గోలీల అట్ట రేకు మడిచి పెట్టి తిప్పమన్న. రెండింటికీ రెండు మూడు అంకెల తేడా అంతే. ఆయన మళ్ల శాంతి మాట ఎత్తలే.

ఎందుకట్ల అయితదో తెలియాలంటే మిషన్ పుట్టుక తెలవాలె. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను తుపాకితో కాల్చిండ్రు. ఒంట్ల గుండు ఎక్కడుందో వెతకడానికి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ తీగచుట్టలతో ఒక యంత్రం చేసిండు. దొరకలేదు. పరుపు లోపలి ఉక్కు స్ప్రింగులు మోతను గందరగోళం చేసినయి. పైగా డాక్టరు కుడి దిక్కే చూడనిచ్చిండు, గుండు ఎడమ దిక్కు ఉండె. సెప్టెంబర్ 19న అధ్యక్షుడు చనిపోయిండు. మిషన్ మనం చూపిన చోటే చూస్తది, మనం పెట్టిన ఇనుముకే మోగుతది. మొదటి రోజు నుంచే ఈ సంగతి ఉంది.

ఆ తర్వాత గెర్హార్డ్ ఫిషర్ 1937ల పేటెంట్ పొందిండు. రెండో ప్రపంచ యుద్ధంల పోలెండ్ సైనికాధికారి కొసాట్స్కీ చేసిన పరికరంతో 1942ల ఎల్ అలమైన్ ఎడారిల మందుపాతరలు ఏరిండ్రు. ఇవన్నీ లోహం వెతికే మిషన్లు. బంగారం వెతికేవి కావు.

పని తీరు ఇది. చుట్టల కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతది. అది నేలలోని లోహంల చిన్న కరెంటు పుట్టిస్తది. దాని జవాబు కొంచెం ఆలస్యంగ తిరిగొస్తది. ఆ ఆలస్యాన్ని మిషన్ నంబరుగ చూపిస్తది. ఇనుము ఒక దిక్కు, వెండి, రాగి ఇంకో దిక్కు. నడుమ బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు, డబ్బా మూతలు అన్నీ కలిసే ఉంటయి. ఉంగరం మందం, సైజు, కలిపిన రాగిని బట్టి నంబరు మారుతది. కాబట్టి "బంగారం నంబరు" అనేది ఒకటి లేదు. ఒక దిక్కు తిప్పినా, అడ్డం తిప్పినా ఒకే చోట, ఒకే మోత వస్తే అక్కడ ఏదో లోహం ఉందనుకోవచ్చు. ఏ లోహమో తవ్వితేనే తెలుస్తది. ఉంగరమంత వస్తువు జానెడు లోతు దాటితే దొరకడం కష్టం. ముప్పై మీటర్ల లోతు చూస్తదనే మాట నమ్మకండ్రి. మా దిక్కు మొరం నేలల ఇనుము ఎక్కువ, అది కూడా మిషన్‌ను తికమక పెడుతది.

పెద్ద సర్కారులే మోసపోయినయి. 2013 అక్టోబర్ల ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాల ఒక సాధువు కలతో వెయ్యి టన్నుల బంగారం అన్నరు. భూగర్భ సర్వే వాళ్ల పరికరాలు కూడ బంగారం, వెండి లాంటి లోహం ఉండొచ్చన్నయి. పురావస్తు శాఖ తవ్వితే కుండ పెంకులు, గాజు ముక్కలు, ఇనుప మేకులు వెళ్లినయి. 2017 డిసెంబర్ల కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటల తవ్వితే ఇటుకలు, ఎముకలు. నవ్వొచ్చే సంగతేందంటే అదే మండలం జొన్నగిరిల నిజంగనే బంగారం ఉంది. టన్ను రాయికి ఒకటి రెండు గ్రాముల లెక్కన రాయిల కలిసిపోయి ఉంది. దానికి చేతి మిషన్ మోగనే మోగదు.

మరి దొరికిందెక్కడ? 2021 ఏప్రిల్ల జనగామ జిల్లా పెంబర్తిల భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె వెళ్లింది. డోజర్ పనిల బయటపడ్డది, పూజతో కాదు.

మీకూ అట్ల దొరికితే దాచకండ్రి. 1878 నిధి చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాసి ఇయ్యాలె. దాస్తే ఏడాది దాకా జైలు. సొంతదారు ఎవరూ తేలకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినాయనకు మూడు పాళ్లు, భూమి ఆయనకు ఒక పాలు. సర్కారే తీసుకుంటే లోహం ధరకు అయిదో వంతు కలిపి ఇయ్యాలె.

మా బామ్మర్ది ఆ గుంత పూడ్చి, గట్టు మళ్ల పోసి, పత్తి పెట్టిండు. కమ్మలు విడిపించడానికి రెండు పంటలు పట్టింది. నలభై వేలు మాత్రం తిరిగి రాలే.

మీ ఊరికి మిషన్ ఆయన వస్తే పైసలిచ్చే ముందు ఒక్కటి చెయ్యండ్రి. ఉంగరం, గోలీల రేకు నేల మీద పెట్టి తిప్పమనండ్రి. మిగతాది మీకే అర్థమైతది.